పరదేశి కొట్టిన సిక్సర్లన్నీ నావే

నేను ఒక బొంగరాన్ని. తాడు చుట్టి వీధిలో విసిరే రకాన్ని కాదు, ఆ సంగతి ముందే చెబుతున్నాను. పైన చిన్న పుల్ల, మధ్యలో ఆరు పలకల ఒళ్ళు, కింద సన్నటి మొన. పుల్లను రెండు వేళ్ళతో పట్టి తిప్పి వదిలితే పీట మీద గిర్రున తిరిగి, అలిసిపోయి, ఒక పక్కకు ఒరిగి పడుకుంటాను. అప్పుడు పైకి కనిపించిన పలకే లెక్క. ఒక పలక మీద ఒక చుక్క ఉంటుంది, ఒకదాని మీద రెండు, తరవాత మూడు, నాలుగు, ఆరు. చివరి పలక మీద చుక్కలేమీ లేవు, ఒట్టి ఎరుపు. ఎరుపు పడితే ఆటగాడు అవుట్.

అవును, క్రికెట్టే. బ్యాటు లేదు, బంతి లేదు, గ్రౌండు లేదు, కనీసం ఎండ కూడా లేదు. అనకాపల్లి గవరపాలెంలో ఒక వసారా, అందులో ఒక చెక్కపీట, చుట్టూ బాసింపట్టు వేసుకున్న నలుగురు పెద్దమనుషులు. ఒక్కొక్కరికి ఒక్కో జట్టు. ఒక్కో జట్టులో పదకొండు మంది ఆటగాళ్ళు, వాళ్ళలో ఒక్కడూ ఈ భూమ్మీద పుట్టినవాడు కాదు. అందరూ కల్పించినవాళ్ళే. ఆ మొత్తం వ్యవహారంలో నిజంగా ఉన్నదాన్ని, నిజంగా పనిచేసేదాన్ని నేనొక్కదాన్ని. పేరు మాత్రం వాళ్ళకి.

నాకు కుళ్ళు. దాచుకోవడం నాకు చేతకాదు. పరదేశి అనే ఒక లేని మనిషిని చూసి నేను ఏళ్ళ తరబడి కుళ్ళుకున్నాను. చెబుతాను వినండి, విన్నాక తప్పెవరిదో మీరే అనుకోండి.

నేను పుట్టింది ఏటికొప్పాకలో. అక్కడ అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేస్తారు. నన్ను చేసిన సింహాద్రికి తరిమెన మీద లక్కపిడతలు, కుంకుమ భరిణెలు, గిలకలు తీయడం అలవాటు. తరిమెన మీద కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి చెక్కుతారు, అందుకని అక్కడ పుట్టినదల్లా గుండ్రంగానే పుడుతుంది. ఒక రోజు అనకాపల్లి బెల్లం మార్కెట్టులో గుమాస్తాగా పనిచేసే నూకరాజు అనే ఆయన బస్సు దిగి వచ్చి, ఆరు పలకల బొంగరం కావాలన్నాడు.

"బొంగరానికి పలకలేటండి బాబూ? తిరగొద్దేటి?" అన్నాడు సింహాద్రి.

"తిరగాలి, పడాలి కూడాను. పడ్డాక అటూ ఇటూ దొర్లకుండా ఒక్క మాట చెప్పాలి. ఏ పలకకీ ఎక్కువ తక్కువలుండకూడదు," అన్నాడు నూకరాజు.

సింహాద్రి సణుక్కుంటూనే చేశాడు. చేసినంతసేపూ ఇలాంటి బేరం మళ్ళీ పట్టనని పెళ్ళానికి చెబుతూనే ఉన్నాడు. లక్క పట్టించి, మొగలి ఆకుతో రుద్ది నునుపు తేల్చాక మాత్రం, ఎండలో పెట్టి కాసేపు నన్ను అలా చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు నాకు తలకెక్కింది. నా కోసం ఊరి నుంచి మనిషి వచ్చాడు, నన్ను చొక్కా జేబులో పెట్టుకుని తీసుకెళుతున్నాడు, ఇక నా బతుకు బంగారం అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నూకరాజు ఇంటి వసారాలో ఆట మొదలయ్యేది. నూకరాజుది గవరపాలెం జట్టు. డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన వరహాలు గారిది తుమ్మపాల జట్టు. మందుల షాపు జోగారావుది కశింకోట. పోస్టాఫీసు ఎర్రయ్యది చోడవరం. ఎర్రయ్య మాట్లాడడు, ఓడిపోతాడు, టీ తాగి వెళ్ళిపోతాడు. పరుగులు రాతపలక మీద సుద్దతో వేసేవారు. ఆట అయిపోగానే తడిగుడ్డతో తుడిచేసేవారు. కాగితం మీద రాసి దాస్తే ఆట పాడవుతుందని మాస్టారి పట్టుదల. ఎవరు ఎంత కొట్టారో గుర్తున్నవాళ్ళకి గుర్తున్నంత.

మొట్టమొదటి ఆదివారం నన్ను నూకరాజే తిప్పాడు. నేను ఒళ్ళంతా ఊపిరి చేసుకుని తిరిగాను. సొక్కి పడేసరికి పైన ఆరు చుక్కలు. నలుగురూ చప్పట్లు కొట్టారు. నా గుండె, బొంగరానికి గుండె ఉంటే, పొంగింది. అప్పుడు నూకరాజు అన్నాడు.

"పరదేశి లేపేడు మాస్టారూ. బంతి శారదా నది దాటి అవతల చెరుకు తోటలో పడ్డాది."

ఎవడీ పరదేశి? నేను పీట మీద పడుకుని అటూ ఇటూ చూశాను. వసారాలో నలుగురే ఉన్నారు. మాస్టారు గంభీరంగా తలూపి, "ఎడం చేత్తో అలాగ లేపడం అంటే మాటలా," అన్నారు. జోగారావు, "ఈ ఏడు ఆడే మీ బలం బావా," అన్నాడు. ఎర్రయ్య కూడా తలూపాడు. తిరిగిన నన్ను ఎవరూ చూడలేదు. నా పుల్ల పట్టుకుని మళ్ళీ తిప్పారు, అంతే.

తరవాత తరవాత తెలిసింది. పరదేశి మునగపాకవాడట. ఎడంచేతివాటం. బ్యాటింగుకు దిగే ముందు చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకుంటాడట. గ్రౌండుకు నడిచే వస్తాడట, బస్సెక్కడట, ఎక్కితే కాళ్ళు పట్టేస్తాయట. ఇవన్నీ నూకరాజు మార్కెట్టులో బెల్లం దిమ్మలు లెక్క చూస్తూ తీరుబడిగా అల్లినవే. ఒక మీసం కూడా పెట్టాడు. నాకు చుక్కలు మాత్రమే పెట్టినవాడు, వాడికి మీసం పెట్టాడు.

పోనీ అవుట్ చేసి కసి తీర్చుకుందామా అంటే అదీ కుదరదు. ముందటి సీజన్లో జట్టులో అందరికన్నా ఎక్కువ పరుగులు చేసినవాడు పెద్ద ఆటగాడు, వాడికి ఒక ఎరుపు మాఫీ అని మాస్టారు రూలు పెట్టారు. గవరపాలెంలో ఆ పెద్ద ఆటగాడు ఎప్పుడూ పరదేశే. ఎరుపు చూపించి పడుకుంటానా, "మొదటిది మాఫీ, పరదేశి ఇంకా ఉన్నాడు," అని నూకరాజు నవ్వుతూ నన్ను లేపేవాడు. నా ఒళ్ళు భగ్గుమనేది. సిక్సరు పడితే పరదేశి కొట్టాడు. ఎరుపు పడితే బొంగరం సరిగా తిరగలేదు. ఇదెక్కడి న్యాయమండీ.

ఆ ఇంట్లో నాలాగే కుళ్ళుకునే మనిషి ఇంకొకరు ఉండడం నా అదృష్టం. నూకరాజు భార్య కాసులమ్మ. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఆదివారాలు నలుగురికీ టీ పెట్టి ఇచ్చి, గుమ్మం లోపల మిషను ముందు కూర్చునేది. వసారాలో పడ్డ ప్రతి మాటా ఆవిడ చెవిన పడేది. ఆదివారంతో పోతే బాగుండేది. నూకరాజు సోమవారం అన్నం తింటూ పరదేశి ఊసు, మంగళవారం చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ పరదేశి ఊసు.

"పాపం పరదేశికి మోకాలు నొప్పొచ్చినట్టుంది. వచ్చే ఆదివారం వంగి ఆడలేడు," అన్నాడు ఒకసారి చారు పోసుకుంటూ.

"అలాగా," అంది కాసులమ్మ. "మునగపాకలో ఎవుడిదో మోకాలు కనిపించింది. మొన్నటి నుంచీ నా నడుం పట్టేసి గోడ పట్టుకుని లేస్తన్నాను, అది ఈ ఇంట్లో ఎవులికీ కనిపించలేదు."

నూకరాజు నాలిక కరుచుకున్నాడు. అమృతాంజనం సీసా వెతికి తెచ్చాడు. నడుముకు రాస్తూ రాస్తూ, "ఆడికీ ఇదే రాయమనాలి," అనేశాడు. కాసులమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నేను ఆవిడ పక్షం.

ఒక శనివారం ఆవిడ నన్ను తీసుకెళ్ళి చింతపండు జాడీలో కుక్కేసింది. నాకు సంతోషమే అయింది. లక్క పాడైతే పాడైంది, ఒక్క ఆదివారం పరదేశి ఆడకపోతే చాలనుకున్నాను. నూకరాజు ఇల్లంతా వెతికాడు. స్నేహితులు వచ్చి టీ తాగి వెళ్ళిపోయారు. ఆట లేకపోయేసరికి ఆయన మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, పరదేశి చిన్నప్పుడు మట్టిగడ్డలతో ప్రాక్టీసు చేసిన దగ్గర్నుంచి మొదలుపెట్టి, మొదటి మ్యాచికి చెప్పులు లేకుండా వచ్చిన కథ దాకా పొద్దుగూకే వరకూ పెళ్ళానికి చెప్పాడు. మర్నాడు పొద్దున్నే కాసులమ్మ జాడీలో చెయ్యి పెట్టి నన్ను బయటికి తీసి, కడిగి, పీట మీద పెట్టింది.

"ఆడి పుట్టుక కూడా ఇన్నాను. దీనికన్నా మీరు ఆడుకోడవే నయం," అంది.

ఈ ఆటలో ఇంకొక ఆచారం ఉంది. కల్పించిన మనుషులకు కూడా వయసు పెరుగుతుంది, ఎప్పటికీ ఆడిస్తే మర్యాదగా ఉండదని మాస్టారు అనేవారు. ఉగాది ముందు వచ్చే కొత్తమావాస్య జాతర వెళ్ళాక మొదటి ఆదివారం, సీజను మొదలయ్యే ముందు, వయసు మళ్ళిన ప్రతి ఆటగాడి పేరు చెప్పి నన్ను ఒక్కసారి తిప్పుతారు. దానికి నిలుపు అని పేరు. చుక్కలు పడితే ఆ ఏడు కూడా నిలిచాడు. ఎరుపు పడితే రిటైరు. అక్కడ మాఫీ లేదు. రిటైరైన ఆటగాణ్ణి ఊరికే వదిలెయ్యరు. వాడు ఇక మీదట ఎక్కడ ఉంటాడు, ఏం చేస్తాడు అన్నది జట్టు పెద్ద అందరి ముందూ చెప్పి సాగనంపాలి. చోడవరం స్పిన్నరు ఒకడు తునిలో టీకొట్టు పెట్టుకున్నాడు. ఎర్రయ్య నోట నేను విన్న పెద్ద మాట అదొక్కటే. కశింకోట కీపరు అత్తారింట గేదెలు కాస్తున్నాడు. వాళ్ళు వెళ్ళిపోతుంటే ఈ పెద్దమనుషులు నిజంగానే కళ్ళు ఒత్తుకునేవారు. నాకు నవ్వొచ్చేది.

పరదేశి నిలుపు వయసుకు వచ్చాక ప్రతి ఏడూ నేను ఎదురుచూశాను. ఎరుపు పడాలి, పడాలి అనుకుంటూ తిరిగేదాన్ని. ఎప్పుడూ చుక్కలే. మీకొక నిజం చెప్పనా? బొంగరం అనుకున్నట్టు బొంగరం పడదు. కర్ర ఎలా ఒరిగితే అలా. ఆ మాట నేను నూకరాజు ముందు ఎన్నడూ ఒప్పుకోలేదనుకోండి, ఒప్పుకుందామన్నా నాకు నోరు లేదు.

కిందటేడు వానాకాలంలో నూకరాజు పోయాడు. మార్కెట్టులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెనక్కి వాలిపోయాడు. అప్పుడు నేను ఆయన చొక్కా జేబులో ఉన్నాను, సరిగ్గా ఆ గుండె మీద. అది ఆగిన సంగతి అందరికన్నా ముందు తెలిసింది నాకే. చొక్కాతో పాటు ఇంటికి వచ్చాను. కాసులమ్మ జేబులో చెయ్యి పెట్టి నన్ను తీసి, ఏం చేయాలో తెలియక మిషను సొరుగులో దారపు ఉండల మధ్య పెట్టింది.

దినాలు వెళ్ళాక స్నేహితులు ముగ్గురూ వచ్చి వసారాలో కూర్చున్నారు. జోగారావు కళ్ళు తుడుచుకుని, "నూకరాజు బావ అనగానే నాకు ఆ ఫైనలే గుర్తొస్తాది మాస్టారూ. పరదేశి కుడిచేత్తో అలాగ లేపితే," అన్నాడు.

"ఎడం చెయ్యి," అంది కాసులమ్మ గుమ్మంలోంచి.

ముగ్గురూ తల తిప్పారు. "అది ఫైనలు కాదు, అంతకు ముందుది. ఫైనల్లో ఆడికి జొరం. దుప్పటి కప్పుకుని కూకున్నాడు, చివర్న దిగి నాలుగు కొట్టేడు," అంది. అని అక్కడే నిలబడి, పరదేశి ఏ ఏడు ఎవరి మీద ఎంత కొట్టాడో, ఎందుకు అవుటయ్యాడో, అవుటయ్యాక ఏమన్నాడో ఒక్కటీ వదలకుండా చెప్పింది. పలక మీద తుడిచేసిన పరుగులన్నీ ఆవిడ దగ్గర ఉన్నాయి. కుళ్ళుకుంటూ విన్నది ఎవరికైనా బాగా గుర్తుంటుంది, ఆ సంగతి నాకు తెలుసు. చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులోకి నూకరాజు మాటతీరు వచ్చింది. "చెరుకు తోటలో పడ్డాది," అని ఆయన ఎక్కడ సాగదీసేవాడో అక్కడే సాగదీసింది.

జోగారావు కాసేపటికి తన ఫోను తీసి చూపించాడు. దాంట్లో ఏదో నొక్కితే అంకె పడుతుందట, బొంగరంతో పని లేదట, ఇక మూడు జట్లతో తన షాపులోనే ఆడుకుందామన్నాడు. వెలుగుతూ ఆరుతూ ఉన్న ఆ అద్దపు ముక్కను చూస్తే నాకు పరదేశి మీద ఉన్న కోపం కూడా చల్లబడింది. అది తిరగదు, అలిసిపోదు, పడుకోదు. అదొక పనా?

"మూడు జట్లెందుకు?" అంది కాసులమ్మ. "గవరపాలెం నేనాడిస్తాను. ఇక్కడే. బొంగరంతోనే."

ఆ తరవాత నెలల్లో నేను సొరుగులోంచి మిషను బల్ల మీదికి మారాను. ఆవిడ జాకెట్లు కుడుతూ మాట్లాడేది. ఎవరితోనో అనుకునేరు. పరదేశితో. మోకాలు ఎలా ఉంది, ఈ ఏడు ఆడగలవా, పోయినేడు లాగ తొందరపడకు అని. నూకరాజుకు చెప్పవలసినవి కూడా వాడికే చెప్పేది. ఒకసారి సూది ఆపి, "నువ్వు కూడా ఎలిపోతే ఈ ఇంట్లో ఆయన మాట మాటాడీవోళ్ళు ఉండరు. ఈ ఏడొక్కటి నిలువు," అంది. నేను ఎదురుగానే ఉన్నాను. నన్ను ఒక్క మాట అడగలేదు. నిలిపేదో పంపేదో నేను కదా, నన్ను కదా అడగాలి. అంత ప్రాణం మీదికి వచ్చిన సంగతిలో కూడా లేనివాణ్ణే బతిమాలుకుంటోందని నాకు మండిపోయింది.

ఈ ఏడు కొత్తమావాస్య వెళ్ళింది. ఆదివారం వచ్చింది. కాసులమ్మ మొదటిసారి వసారాలో నూకరాజు చోట పీట ముందు కూర్చుంది. టీ ముందే పెట్టి గ్లాసుల్లో పోసి ఉంచింది. ప్రతి ఏడూ లాగే మాస్టారు గొంతు సవరించుకుని, రాబోయే సీజన్లో ఎవరి జట్టు పరిస్థితి ఏమిటో చెప్పారు. తుమ్మపాలకు బ్యాటింగు బాగుంది, వయసులో ఉన్నవాళ్ళు. కశింకోటకు ఆశ పడాల్సింది ఏమీ లేదు, జోగారావు మనసు ఫోను మీద ఉంది. చోడవరం సంగతి ఎర్రయ్య గారికే ఎరుక.

"ఇక గవరపాలెం," అన్నారు మాస్టారు. "ఏమీ అనుకోకమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఓపెనరుకి నిలకడ లేదు. నడిమిట్లోవాళ్ళు ఒకరిని చూసి ఒకరు అవుటైపోతారు. బౌలర్లంటావా, నూకరాజు వాళ్ళని ఎన్నడూ పట్టించుకున్న పాపాన పోలేదు. పరదేశి ఒక్కడుంటే మూడో స్థానం. లేడూ, ఆఖరు."

"తెలుసు మాస్టారూ," అంది కాసులమ్మ.

నిలుపు వంతు వచ్చింది. తుమ్మపాల ముసలివాడొకడు నిలిచాడు. తరవాత పరదేశి పేరు చెప్పవలసిన చోట మాస్టారు ఆగిపోయారు. జోగారావు వైపు చూశారు. ఇద్దరూ ముందే మాట్లాడుకుని వచ్చారని నాకు అర్థమైంది.

"ఈ ఏడు పరదేశికి నిలుపు వద్దనుకున్నామమ్మా," అన్నారు. "ఎలాగూ నూకరాజు లేని ఏడు. ఆణ్ణి ఊరికే ఉండనిద్దాం."

"అవును అక్కా. మాకెవరికీ అభ్యంతరం లేదు," అన్నాడు జోగారావు.

కాసులమ్మ పీట వైపు చూసింది. ఒప్పుకోవాలని ఆవిడకు ఎంత ఉందో నాకు కనిపించింది. చీర కొంగు వేలికి చుట్టుకుని విప్పుకుంది.

"ఆయనుంటే ఒప్పుకునీవోడేనా?" అంది.

మాస్టారు తల దించుకుని పలక తుడవసాగారు.

"ఒప్పుకోడు. జాలి పడి ఉంచిన ఆటగాడు ఆడిన దాన్ని ఆట అనరు అనీవోడు. తిప్పుతాను," అని నన్ను పట్టుకుంది.

ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి. తిప్పి వదిలింది. నేను తిరిగాను. ఇన్నేళ్ళ నా కోరిక తీరే అవకాశం చేతికొచ్చింది, వాడిని ఒక్క దెబ్బకు ఈ ఇంటి నుంచి పంపించేయొచ్చు. తిరుగుతూ తిరుగుతూ ఒక్కొక్క చుట్టుకూ ఆవిడ మొహం చూశాను. కళ్ళు మూసుకోలేదు ఆవిడ. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఎప్పుడు మారిందో నా మనసు మారిపోయింది. వద్దు, ఎరుపు వద్దు, ఒక్క చుక్క చాలు, ఒకే ఒక్క చుక్క అనుకున్నాను. ఒళ్ళంతా బిగబట్టి అటు ఒరగాలని చూశాను. చెప్పాను కదా, బొంగరం అనుకున్నట్టు బొంగరం పడదు.

ఎరుపు పడింది.

"సరిగా తిరగలేదు. ఇంకోసారి తిప్పు అక్కా," అన్నాడు జోగారావు వెంటనే. అప్పుడు కూడా తప్పు నాదే, చూశారా.

"బాగానే తిరిగింది," అంది కాసులమ్మ. కొంగుతో మొహం తుడుచుకుంది. తరవాత ఆచారం ప్రకారం సాగనంపింది.

"పరదేశి మునగపాక ఎలిపోతన్నాడు. బస్సెక్కడు, నడిచే ఎల్తాడు. ఇంటికెళ్ళేసరికి సాయంత్రం అవుతాది. గుమ్మంలో ఆడి పెళ్ళాం ఉంటాది."

"ఆడికి పెళ్ళాం ఉందా?" అన్నాడు ఎర్రయ్య. ఆశ్చర్యంలో ఆయనకు మాట వచ్చేసింది.

"ఉంది. ఇన్నేళ్ళూ మీరు నలుగురూ ఆడి మోకాలు గురించి మాటాడుకున్నారు గానీ, ఆడికి పెళ్ళాం ఉందో లేదో ఒక్కరూ అడగలేదు. ఇక మీదట ఆడికి ఆట లేదు. ఆవిడ పక్కన కూకుంటాడు. నూతిలో నీళ్ళు ఆడే తోడతాడు, ఆవిడకి నడుం నొప్పి. చారు పోసుకుంటా, ఈ పూట నువ్వేటి చేసేవు అని అడుగుతాడు. ఆవిడ చెప్తాది. ఆడు ఇంటాడు, మద్దిలో ఇంకోడి ఊసు ఎత్తడు. అంతే మాస్టారూ. మంచివోడు. ఎల్లొచ్చేయమనండి."

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో చాలాసేపు తుడిచారు. టీ చల్లారిపోయింది, ఎవరూ తాగలేదు. నేను పీట మీద ఎరుపు పైకి చేసుకుని పడి ఉన్నాను. లేని మనిషికి ఇల్లు దొరికింది, ఆలి దొరికింది, సాయంత్రాలు దొరికాయి. నాకు కుళ్ళు వచ్చిందా అంటే వచ్చింది. కానీ ఆ రోజు అది నా ఒక్కదాని కుళ్ళు కాదు. ఆ మునగపాక పెళ్ళాం అదృష్టాన్ని తలుచుకుని కాసులమ్మ కూడా కాసేపు కుళ్ళుకుందని నా అనుమానం.

తరవాతి ఆదివారం సీజను మొదలైంది. గవరపాలేనికి తుమ్మపాలతో మ్యాచి. మాస్టారు పలక పట్టుకుని, పరదేశి చోట ఎవరు దిగుతున్నారని అడిగారు.

"ఎవులో ఒకరు. తిప్పుదాం," అంది కాసులమ్మ.

తిప్పింది. మొదటి బంతికే ఆరు చుక్కలు. మాస్టారు అలవాటుగా, "ఎవరమ్మా లేపింది?" అన్నారు.

"ఎవులూ లేరు మాస్టారూ. బొంగరం పడ్డాది, అంతే."

ఇన్నేళ్ళూ నేను ఏ మాట కోసం పడిచచ్చానో ఆ మాట. సిక్సరు పరదేశిది కాదు, ఎవరిదీ కాదు, నాదని నలుగురి ముందూ చెప్పింది. వసారాలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జోగారావు ఫోను వైపు చూశాడు. మాస్టారు పలక మీద ఆరు వేశారు. పీట మీద ఒక కర్రముక్క పడి ఉంది, దాని మీద ఆరు చుక్కలున్నాయి, అంతే, అంతకన్నా ఏమీ లేదు. నది లేదు, అవతల చెరుకు తోట లేదు. నాకు దిగులేసింది. తల్లీ, ఎవరో ఒకరు కొట్టారని చెప్పు, ఆ పరదేశినైనా వెనక్కి పిలు, నేనేమీ అనుకోను అని అరవాలనిపించింది.

కాసులమ్మ మళ్ళీ తిప్పింది. నాలుగు. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఆరు. ఈసారి ఆవిడ చెయ్యి నన్ను పట్టుకోబోయి మధ్యలో ఆగింది. మూతి మీదికి చిన్న నవ్వు వచ్చింది, నూకరాజు పోయాక ఆ ఇంట్లో నేను చూసిన మొదటి నవ్వు.

"పరదేశి పెళ్ళాం," అంది.

"ఏటీ?" అన్నాడు జోగారావు.

"ఆ మొదటి సిక్సరు, ఆ నాలుగు, ఇప్పుడిదీను. అన్నీ ఆవిడే. అప్పలనరసమ్మ. కుడి చెయ్యి. ఇన్నాళ్ళూ ఇంట్లో కూకుని ఆడి ఊసు ఇంటానే ఉంది, ఎలా ఆడాలో ఆవిడకి తెలీదేటి? ఇప్పుడు ఆడు ఇంటి దగ్గరున్నాడు, అన్నం ఆడు వండుతాడు."

ఆడమనిషిని ఆడించవచ్చా అని జోగారావు మాస్టారిని అడిగాడు. మాస్టారు ఆలోచించి, వద్దని రూలేమీ పెట్టలేదే అన్నారు. ఆ మాట అంటూనే ముందుకు వంగారు. "ఇప్పటిది ఎక్కడ పడ్డాదమ్మా?"

"నది దాటి, చెరుకు తోట కూడా దాటి, ఆ అవతల," అంది కాసులమ్మ. "చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని కొట్టింది."

నలుగురూ చప్పట్లు కొట్టారు. ఎర్రయ్య అందరికన్నా గట్టిగా కొట్టాడు. తిరిగింది నేను, అలిసింది నేను, ఆరు చుక్కలు చూపించింది నేను. చప్పట్లు మాత్రం కుచ్చిళ్ళు దోపుకున్న ఆ లేని ఆడమనిషికి. నా ఒళ్ళు మళ్ళీ భగ్గుమంది. ఎన్ని నెలలైందో అలా మండి, ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఈ ఏడు గవరపాలెం పరిస్థితి ఏమిటని అడుగుతున్నారా? నన్నడగకండి. వెళ్ళి అప్పలనరసమ్మనే అడగండి. అంతా ఆవిడే కదా కొడుతోంది.